సబ్‌స్టిట్యూషనా, బై పార్ట్సా: ఏది ముందు పట్టుకోవాలి?

డిఫరెన్షియేషన్ దాకా హాయిగా లెక్కలు చేసిన పిల్లలు ఇంటర్ రెండో ఏడాదిలో ఇంటిగ్రేషన్ రాగానే టెన్షన్ పడతారు. అక్కడ సూత్రాలు వరసగా వేసుకుంటూ పోతే జవాబు వచ్చేది. ఇక్కడ ముందు దారి ఎంచుకోవాలి. ఆ ఎంపిక చాలాసార్లు సబ్‌స్టిట్యూషన్ (లెక్కలో ఒక భాగాన్ని కొత్త అక్షరం అనుకుని చేయడం), బై పార్ట్స్ (గుణించి ఉన్న రెండు ఫంక్షన్లలో ఒకదాన్ని డిఫరెన్షియేట్, ఇంకోదాన్ని ఇంటిగ్రేట్ చేయడం) మధ్యే ఉంటుంది.

రెండు లెక్కలు చూడండి. ఒకటి, ‘ఎక్స్ ఇంటూ ఈ పవర్ ఎక్స్’. రెండోది, ‘ఎక్స్ ఇంటూ ఈ పవర్ ఎక్స్ స్క్వేర్’. చూడటానికి అక్కాచెల్లెళ్లలా ఉంటాయి కానీ దారులు వేరు. రెండోదాంట్లో పవర్‌లో ఎక్స్ స్క్వేర్ ఉంది. దాని డెరివేటివ్ 2 ఎక్స్. ఆ ఎక్స్ బయట సిద్ధంగా ఉంది కాబట్టి ఎక్స్ స్క్వేర్‌ను ‘టీ’ అనుకుంటే రెండు లైన్లలో అయిపోతుంది: ‘ఈ పవర్ ఎక్స్ స్క్వేర్’లో సగం, ప్లస్ సీ. మొదటిదాంట్లో అలాంటి జోడీ లేదు. అక్కడ బై పార్ట్స్ చేయాలి: ఎక్స్‌ను డిఫరెన్షియేట్ చేస్తే 1 అయి తప్పుకుంటుంది, ‘ఈ పవర్ ఎక్స్’ను ఇంటిగ్రేట్ చేసినా మారదు. జవాబు ‘ఈ పవర్ ఎక్స్ ఇంటూ (ఎక్స్ మైనస్ 1)’, ప్లస్ సీ.

అందుకే నా ఓటు ముందు సబ్‌స్టిట్యూషన్‌కే. లోపల ఒక ఫంక్షన్, బయట దాని డెరివేటివ్ ఉన్నాయేమో వెతకడానికి అర నిమిషం చాలు. ఉంటే పని తక్కువ, గుర్తుల తప్పులూ తక్కువ. బై పార్ట్స్‌లో మైనస్ గుర్తు దగ్గర ఎంత మంచి విద్యార్థి అయినా జారుతాడు.

అలాగని బై పార్ట్స్‌ను పక్కన పెట్టలేం. ‘లాగ్ ఎక్స్’ ఒక్కటే ఇచ్చారనుకోండి. ‘లాగ్ ఎక్స్’ను టీ అనుకున్నా చివరికి ‘టీ ఇంటూ ఈ పవర్ టీ’ దగ్గర బై పార్ట్సే చేయాలి. దానికన్నా పక్కన 1 ఉందనుకుని నేరుగా చేస్తే ‘ఎక్స్ లాగ్ ఎక్స్ మైనస్ ఎక్స్’, ప్లస్ సీ వచ్చేస్తుంది.

నాకు బాగా ఇష్టమైన లెక్క ‘ఎక్స్ క్యూబ్ ఇంటూ ఈ పవర్ ఎక్స్ స్క్వేర్’. పిల్లలు ఐలేట్ వరుసను (బై పార్ట్స్‌లో ఏ ఫంక్షన్‌ను డిఫరెన్షియేట్ చేయాలో గుర్తుపెట్టుకునే చిట్కా) నమ్ముకుని ఎక్స్ క్యూబ్‌ను మొదటి ఫంక్షన్‌గా తీసుకుంటారు. అప్పుడు ‘ఈ పవర్ ఎక్స్ స్క్వేర్’ను ఇంటిగ్రేట్ చేయాల్సి వస్తుంది, బండి అక్కడే ఆగిపోతుంది. ముందు ఎక్స్ స్క్వేర్‌ను టీ అనుకుంటే మిగిలేది ‘టీ ఇంటూ ఈ పవర్ టీ’లో సగం. అది మనం పైన చేసిందే! రెండు పద్ధతులూ కావాలి, కానీ ఈ వరుసలోనే.

ఇంతకీ ‘ఈ పవర్ ఎక్స్ స్క్వేర్’ ఒక్కటే ఉంటే? మనకు తెలిసిన మామూలు ఫంక్షన్లతో దాని ఇంటిగ్రల్ రాయలేమని 1830లలో ఫ్రెంచ్ గణితవేత్త లియోవిల్ నిరూపించాడు. చిత్తులో అది ఒంటరిగా కనిపిస్తే లెక్క ఆపి, పక్కన ఎక్స్ రాయడం మరిచారేమో ప్రశ్నపత్రం మళ్లీ చూసుకోండి.