పొలిటికల్ సైన్స్ పీహెచ్‌డీకి కన్సల్టెన్సీ ప్యాకేజీ: ఫారాలకు సరే, ఎస్‌ఓపీకి వద్దు

అమెరికా చదువులకు పంపే కన్సల్టెన్సీలకు ఎంఎస్ అప్లికేషన్లు కొట్టినపిండి. పొలిటికల్ సైన్స్ పీహెచ్‌డీ అడిగినా అదే అచ్చులో పోసి ఇస్తారు, చిక్కంతా అక్కడే.

ముందు వాళ్ల లెక్క తెలియాలి. చాలా కన్సల్టెన్సీలకు రాబడి, ఫీజు కట్టి చేరే విద్యార్థుల మీద కొన్ని యూనివర్సిటీలు ఇచ్చే కమీషన్. పేరున్న పొలిటికల్ సైన్స్ విభాగాల్లో పీహెచ్‌డీకి చాలావరకు ఫీజు ఉండదు. ఎదురు వాళ్లే సాధారణంగా ఐదేళ్లు స్టైపెండ్, హెల్త్ ఇన్సూరెన్స్ ఇస్తారు. కమీషన్ రాని బేరం కాబట్టి ప్యాకేజీ సొమ్ము మన దగ్గరే గుంజుతారు. 'ముందు పబ్లిక్ పాలసీ మాస్టర్స్‌కి వెళ్లండి' అన్న సలహా కూడా ఆ లెక్కలోంచే వస్తుంది. 'అడ్మిట్ గ్యారంటీ' అంటే ఒప్పంద కాగితం చదవండి: జాబితాలో ఫీజు కట్టే మాస్టర్స్ ఒకటి వచ్చినా గ్యారంటీ తీరిపోయినట్టే.

ప్యాకేజీలో నాసిరకం సరుకు ఎస్‌ఓపీ, అంటే ఏం పరిశోధిస్తారో, ఎందుకో చెప్పే 'స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్'. 'చిన్నప్పటి నుంచీ రాజకీయాలంటే ఆసక్తి' అని మొదలవుతుంది, నడుమ అంబేడ్కర్ మాట ఒకటి, చివర యూనివర్సిటీకి పొగడ్త. భాష నున్నగా ఉంటుంది, ప్రశ్నే ఉండదు. దాన్ని చదివేది ఆ విభాగం ప్రొఫెసర్లు. 'తెలంగాణలో వికేంద్రీకరణ' అని రాస్తే వాళ్లకది సివిల్స్ నోట్స్‌లో శీర్షికలా కనిపిస్తుంది. 2016 అక్టోబరులో 10 జిల్లాలు 31 అయ్యాయి కదా, కలెక్టరేట్ దగ్గరైన మండలాల్లో జనం అర్జీలు త్వరగా తేలాయా, స్థానిక నాయకుల పట్టు ఇంకా బిగిసిందా? ఇలా అడిగితే ప్రశ్న. దూరం మారని మండలాలతో పోల్చి చూస్తాను, డేటా ఫలానా చోట దొరుకుతుంది అని రెండు వాక్యాల్లో చెప్పగలగాలి. ఆపైన దానికి దగ్గరగా పనిచేసే ఇద్దరు ముగ్గురు అధ్యాపకుల పేర్లు. ఒకే ఎస్‌ఓపీలో పేర్లు మార్చి పది చోట్లకు పంపితే, రిటైరైన ఎమెరిటస్ ప్రొఫెసర్ దగ్గర చదువుకుంటానని రాసి దొరికిపోతారు.

రైటింగ్ శాంపుల్‌ను, అంటే మీరు రాసిన పరిశోధన వ్యాసం నమూనాను, కన్సల్టెన్సీలు అప్‌లోడ్ చేయాల్సిన పీడీఎఫ్‌గానే చూస్తారు. ఎక్కువ చోట్ల 15 నుంచి 25 పేజీలు అడుగుతారు. ఎంఏ డిసర్టేషన్ మొత్తం కుక్కకుండా, వాదన, ఆధారం రెండూ ఉన్న అధ్యాయాన్ని విడిగా నిలబడేలా తిరగరాయాలి. రెండు మూడు వారాల పని. ఏ ప్యాకేజీలోనూ రాదు.

సిఫార్సు లేఖలు మూడు. 'డ్రాఫ్టులు మేమే ఇస్తాం' అంటే వద్దనండి. మూడూ ఒకే చేతి రాతలా ఉంటే కమిటీకి అనుమానం వస్తుంది. సెప్టెంబరులోనే మాస్టార్లకు మీ ఎస్‌ఓపీ, శాంపుల్, గడువుల పట్టిక ఇవ్వండి. లేఖ అప్‌లోడ్ చేసే లింకు వాళ్ల యూనివర్సిటీ మెయిల్‌కు వెళ్లాలి, జీమెయిల్‌కు కాదు.

మెచ్చుకోవాల్సింది ఫారాల పని. పది పోర్టళ్లు, ట్రాన్స్‌క్రిప్ట్ స్కాన్లు, గడువులు శ్రద్ధగానే చూస్తారు. డిసెంబరు 1 రాత్రి 11:59 ఈస్టర్న్ టైమ్ అంటే మనకు 2వ తేదీ ఉదయం 10:29 అని గుర్తుచేసేవాళ్లు ఉంటే మేలే. అయితే డబ్ల్యూఈఎస్ (మన డిగ్రీ అమెరికాలో దేనికి సమానమో తేల్చే సంస్థ) మూల్యాంకనం ముందే చేయించమంటే ఆగండి: చాలా విభాగాలకు అప్లై చేసేటప్పుడు స్కాన్ కాపీ చాలు. జీఆర్ఈ కూడా అంతే, కొన్ని విభాగాలు అడగవు, కొన్ని ఐచ్ఛికం అంటాయి. జాబితా తేలాకే పరీక్ష బుక్ చేసుకోండి. ఒక్కో అప్లికేషన్ ఫీజు సుమారు 75 నుంచి 125 డాలర్లు. ఫీజు మాఫీకి అడిగే వీలు కొన్నిచోట్ల ఉంటుంది, ఆ మాట కన్సల్టెన్సీలో మీరే ఎత్తాలి.

పూర్తి ప్యాకేజీకి నా మార్కులు 5కి 2. ఫారాల పని ఒక్కటే విడిగా ఇస్తామంటే 4. డబ్బు కట్టేముందు ఒక్క ప్రశ్న వేయండి: మీరు పంపినవాళ్లలో పొలిటికల్ సైన్స్ పీహెచ్‌డీకి స్టైపెండ్‌తో చేరింది ఎంతమంది? జవాబుగా ఎంఎస్ అడ్మిట్ల ఫ్లెక్సీ చూపిస్తే లేచి వచ్చేయండి.