శబరిమల తీర్పు: స్టూడియో చర్చ, నిలక్కల్ నుంచి వార్త

శబరిమల ఆలయంలోకి 10 నుంచి 50 ఏళ్ల స్త్రీల ప్రవేశాన్ని 2018 సెప్టెంబరు 28న సుప్రీంకోర్టు 4-1 తేడాతో అనుమతించాక, పాత్రికేయులకు రెండు దారులు కనిపించాయి. టీవీ చర్చలో భక్తి ఒకపక్క, సమానత్వం మరోపక్క కూర్చుంటాయి. సమయం చెరిసగం దక్కినా గొంతు పెంచినవారిదే పైచేయి. తీర్పుతో విభేదించిన ఒకే ఒక్క న్యాయమూర్తి ఇందు మల్హోత్రా, ఒక మహిళ, అన్న వాస్తవం ఆ చట్రంలో ఇమడదు.

క్షేత్రస్థాయి వార్త నిదానమైనది, ప్రమాదకరం కూడా. అక్టోబరులో శబరిమలకు వెళ్లే దారిలోని నిలక్కల్ వద్ద నిరసనకారులు బస్సులు ఆపి స్త్రీలున్నారేమోనని వెతికారనీ, మహిళా విలేకరులపై దాడులు జరిగాయనీ లోకానికి తెలిసింది అక్కడికి వెళ్లినవారి వల్లనే. న్యాయసూక్ష్మాలు విడమరచడానికి చర్చ అవసరమే. అయినా ఒకటే ఎంచుకోమంటే విలేకరిని నిలక్కల్‌కే పంపాలంటాను. తీర్పును వ్యతిరేకించిన మహిళా భక్తుల మాట కూడా సూటిగా వినిపించేది ఆ దారిలోనే.