కోన్ ఫిల్టర్ కిట్ కొనబోతున్నారా? నాకు తగిలిన దెబ్బ చూసి కొనండి

బండికి ఇంటేక్, అంటే ఇంజిన్ గాలి పీల్చే దారి, మార్పిద్దామని చూస్తున్నవాళ్లు, అందులోనూ డీజిల్ టర్బో బండి ఉన్నవాళ్లు, డబ్బులు కట్టేముందు ఒక్క ఐదు నిమిషాలు ఇది చదవండి. కంపెనీ ఎయిర్ బాక్స్ తీసేసి, దాని బదులు గరాటు ఆకారపు మూతలేని ఫిల్టరూ పైపూ పెట్టే ఈ కిట్‌ని నేను 9,500 పెట్టి వేయించాను. నాలుగు నెలలకే దాన్ని పీకించి, బండిని మళ్లీ మామూలు చేసుకోవడానికి ఇంకో 14 వేలు వదిలాయి.

నాది 2016 స్విఫ్ట్ డీజిల్. 1,248 సీసీ, 75 పీఎస్. రోజూ విజయవాడ పటమట నుంచి నందిగామ వెళ్లొస్తాను. ఆ దారి తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు, ఇబ్రహీంపట్నం దగ్గర థర్మల్ కరెంటు ప్లాంటు బూడిద లారీ ముందు పడిందంటే కిటికీ అద్దం దించే పనే ఉండదు. కారు ముక్కుతో ఆటలాడేముందు ఆ సంగతి నాకు తట్టాలి కదా, తట్టలేదు. షాపు దగ్గర డెమో బండి యాక్సిలరేటర్ ఇలా తొక్కగానే టర్బో, అంటే ఇంజిన్‌లోకి గాలి నెట్టే ఫ్యాను, ఈల వేసింది. అంతే, పడిపోయాను.

"కంపెనీ బాక్స్‌లో ఇంజిన్‌కి ఊపిరాడదు సార్. ఇది పెడితే పది హార్స్‌పవర్ పెరుగుతుంది, మైలేజీ రెండు కిలోమీటర్లు ఎక్స్‌ట్రా" అన్నాడు కుర్రాడు. ఈ మాటలకు కాగితం ఏదీ లేదు. ఇదే మోడల్ బండిని డైనో (పవర్ కొలిచే మెషీను) మీద ఎక్కించి, కిట్‌కి ముందు ఎంత, తర్వాత ఎంత అని తీసిన రిపోర్టు అడగాలని అప్పటికి నాకు తెలీదు. మీరు అడగండి. నీళ్లు నమిలితే బయటికొచ్చేయండి.

మొదటి రెండు వారాలు ఈల వింటూ తిరిగాను, బండి నిజంగానే లాగుతున్నట్టు అనిపించింది. తర్వాత ఏసీ వేస్తే లోపల ఇంజిన్ ఆయిల్ వాసన. మా ఆవిడ "బండిలో ఏదో మాడుతోంది" అంటే కొట్టిపారేశాను. తీరా చూస్తే, ఇంజిన్ లోపలి ఆయిల్ ఆవిరి బయటికొచ్చే బ్రీదర్ గొట్టం కంపెనీ పైపులోకే తిరిగి కలుస్తుంది. ఈ కిట్ పైపుకి ఆ దారి లేదు. దాంతో గొట్టం చివర నిమ్మకాయంత ఫిల్టర్ ఒకటి తగిలించి వదిలేశారు. ఆయిల్ ఆవిరంతా బానెట్ కింద తిరిగి ఏసీలోంచి మా ముక్కులకే.

మే నెలలో 900 పెట్టి బండి సెన్సార్ల లెక్కలు ఫోన్‌లో చూపించే ఓ బ్లూటూత్ స్కానర్ కొన్నాను. బెంజ్ సర్కిల్ కింద ట్రాఫిక్‌లో ఫోన్‌లో చూస్తే ఇంజిన్ పీల్చే గాలి 69 డిగ్రీలు! బయట 41. కంపెనీ బాక్స్ ముక్కు గ్రిల్ వెనక, బయటి గాలి తగిలేచోట ఉంటుంది. అంటే ఆ నల్ల ప్లాస్టిక్ డబ్బానే అసలైన 'కోల్డ్ ఎయిర్ ఇంటేక్'. దాన్ని పీకేసి, ఇంజిన్ పక్కనే మూతలేని కోన్ పెట్టి, వేడి గాలి పీల్చమన్నాను నేను. గాలి వేడెక్కితే పలచబడుతుంది. ఈ ఎండల్లో మూడు డిగ్రీలు పెరిగితే దాదాపు ఒక శాతం ఆక్సిజన్ తగ్గినట్టే. హైవే ఎక్కాక ఉష్ణోగ్రత దిగుతుంది, అది నిజమే. కానీ ఊళ్లో తిరిగినంతసేపూ డబ్బిచ్చి పవర్ తగ్గించుకున్నట్టే.

మూడో నెలలో పికప్ చచ్చింది. కనకదుర్గమ్మ ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు మూడో గేర్‌కి దించాల్సి వచ్చింది. చెక్ ఇంజిన్ లైటు వెలిగింది. లీటరుకు 21 వచ్చే మైలేజీ 18కి పడింది. షాపువాడు "క్లీన్ చేయించండి సార్" అని ఆయిల్ స్ప్రే బుడ్డి ఒకటి అమ్మాడు, 650. ఆ కాటన్ ఫిల్టర్‌కి ఆయిల్ పట్టించాలి కదా, నేను ఇంకాస్త ఎక్కువే పట్టించాను.

చివరికి ఆటోనగర్‌లో పాత మెకానిక్ ఒకాయన దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన ఫిల్టర్ ఊడదీసి, దాని వెనక పైపులో, అంటే వడకట్టిన గాలి వెళ్లేచోట, వేలు పెట్టి బయటికి తీశాడు. వేలికి ముగ్గుపిండిలా సన్నటి బూడిద. బొటనవేలితో రుద్ది నాకు చూపించి, "గాలి వడకట్టమని పెట్టారా బాబూ, దుమ్ము వడ్డించమని పెట్టారా?" అన్నాడు. క్లాంపు బిగింపు దగ్గర రబ్బరు లూజు, అక్కడినుంచి దుమ్ము నేరుగా లోపలికి. టర్బో రెక్కల అంచులు అప్పుడే కొద్దిగా మొద్దుబారాయి. అదే దుమ్ము సిలిండర్‌లోకి వెళ్తే పిస్టన్ రింగుల మీద గరుకు కాగితం రుద్దినట్టే, ఆ దెబ్బ బయటపడేసరికి ఇంజిన్ పని లక్ష దాటుతుందట.

గాలి కొలిచే మాఫ్ సెన్సార్ లోపలి సన్నటి తీగకు ఆయిల్ జిడ్డు, దాని మీద దుమ్ము. దాంతో వచ్చే గాలి ఉన్నదానికంటే తక్కువగా కనబడుతుంది, ఈసీయూ, అంటే ఇంజిన్ కంప్యూటర్, డీజిల్ తగ్గిస్తుంది, బండి ఈసురోమంటుంది. పైగా ఏ బండికైనా పెట్టే యూనివర్సల్ కిట్ కాబట్టి పైపు సైజు వేరు, సెన్సార్ లెక్క ముందే తప్పింది. క్లీనర్ కొట్టినా లాభం లేకపోయింది. సెన్సార్ 7,200, గొట్టాలు 1,200, లేబరు, క్లీనింగ్ 3,300. మిగతా 2,300 దేనికో తెలుసా? సెకండ్ హ్యాండ్ ఎయిర్ బాక్స్‌కి. నాది ఏదని షాపులో అడిగితే "పాత సామాను ఉంచుకోం సార్" అన్నారు. ఏం మార్పించినా సరే, ఊడదీసిన ప్రతి ముక్కా, బోల్టులతో సహా, మీ డిక్కీలో వేయించుకోండి.

అందరికీ వద్దని కాదు. ఈసీయూ రీమ్యాప్ చేయించి (దాని సాఫ్ట్‌వేర్ మార్పించి), పెద్ద టర్బో పెట్టి ట్రాక్ మీద తిప్పేవాళ్లకు కంపెనీ బాక్స్ నిజంగానే చాలదు. వాళ్లు కూడా మూత ఉన్న బాక్స్, ఆ మోడల్ కోసమే చేసిన పైపు చూసుకుంటారు. 75 పీఎస్ బండికి అంత ఆకలి లేదు. బంపర్ కిందికి దించే రకం పైపైతే అసలే వద్దు. వానల్లో నీళ్లు పీల్చిందంటే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది, ఇంజిన్ ప్రొటెక్షన్ యాడ్-ఆన్ లేని పాలసీలో ఆ ఖర్చు సాధారణంగా రాదు. మార్పు సంగతి ఇన్సూరెన్స్‌వాళ్లకు చెప్పకపోతే అదొక పేచీ. 2019లో మోటారు వాహనాల చట్టానికి చేసిన సవరణలో, అనుమతి లేని మార్పులకు ఓనరు మీద ఒక్కో మార్పుకు 5 వేల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ అని రాసి ఉంది. ఇంటేక్ కోసం రోడ్డు మీద ఎవరూ ఆపరనుకోండి, కానీ పేచీ వచ్చిన రోజు అది మీకే అడ్డం తిరుగుతుంది.

ఇప్పుడు పాత బాక్స్, మూడు నాలుగు వందల కాగితం ఫిల్టర్. ఈ దుమ్ముకి ఐదు వేల కిలోమీటర్లకోసారి తీసి చూసుకుంటున్నాను. మైలేజీ మళ్లీ 20 దాటింది, మొన్న బెంజ్ సర్కిల్ దగ్గర గాలి 46 చూపించింది. ఆ ఈల మాత్రం అప్పుడప్పుడూ గుర్తొస్తుంది, అబద్ధమెందుకు.