ఇంపాలా, క్రైస్లర్ 300, టారస్: ఎనిమిదేళ్లు నడిపాక

డాలస్ నుంచి హ్యూస్టన్‌కు ఐ-45 హైవే మీద దాదాపు 240 మైళ్లు. 2018లో అమ్మానాన్న మొదటిసారి అమెరికా వచ్చినప్పుడు హ్యూస్టన్ పక్కన పియర్‌లాండ్‌లో ఉన్న మీనాక్షి గుడికని ఆ దారిన మా ఇంపాలా కారులో వెళ్లాం. నాన్నకు అప్పటికి 72 ఏళ్లు. నడుం నొప్పి పాతికేళ్ల నాటిది. తెనాలి నుంచి గుంటూరు దాకా బస్సులో వెళ్లినా, దిగాక కాసేపు నిలబడి నడుం సర్దుకుంటే తప్ప అడుగు పడేది కాదు. ఆ రోజు కోర్సికానా దాటాక అద్దంలో చూస్తే, వెనక సీట్లో కాళ్లు చాపుకుని హాయిగా నిద్రపోతున్నారు. మాడిసన్‌విల్‌లో బకీస్ పెట్రోల్ బంకు దగ్గర ఒక్కసారి ఆగాం, అంతే. గుడి దగ్గర దిగాక బండి చుట్టూ ఒకసారి తిరిగి చూసి, "ఏరా, ఇది మన అంబాసిడర్ లాంటి బండిరా. వెనక కూర్చున్నవాళ్ల కోసం చేసింది" అన్నారు.

పెద్ద సెడాన్ (వెనక విడిగా డిక్కీ ఉండే కారు) గురించి ఎవరు అడిగినా నేను ఆ మాట దగ్గరే మొదలుపెడతాను. డ్రైవర్ సీట్లో కూర్చుని అరగంట టెస్ట్ డ్రైవ్ చేస్తే ఏ బండైనా బాగానే ఉంటుంది. వెనక సీట్లో మూడు గంటలు కూర్చుని దిగినవాళ్లు ఏమంటారో అదే అసలు సంగతి.

నేను కొన్నది 2014 మోడల్ షెవర్లే ఇంపాలా, అందులో ఎల్‌టీజెడ్ అనే పై రకం, వి6 (ఆరు సిలిండర్ల) ఇంజిన్. లీజు అయిపోయి వచ్చిన బండిని 2017 ఆగస్టులో 34 వేల మైళ్ల మీద తీసుకున్నాను. ఇప్పుడు లక్షా 46 వేలు దాటింది. 2019లో మా ఆవిడ కోసం 2016 మోడల్ క్రైస్లర్ 300ఎస్ తీసుకున్నాం, అది కూడా వి6. మూడోది మా బావగారి ఫోర్డ్ టారస్ ఎస్‌హెచ్‌ఓ, అంటే టారస్‌లో వేగం ఎక్కువుండే రకం. పార్కింగ్‌లో నా ఇంపాలాను ఎవరో గుద్దేసి వెళ్లిపోతే, అది బాడీషాపులో ఉన్న ఆరు వారాలూ బావగారు తన బండి తాళాలు నా చేతిలో పెట్టారు. ఆ తర్వాత కూడా ఆస్టిన్‌కనీ, పెళ్లిళ్లకనీ ఎన్నోసార్లు నడిపాను. కాబట్టి మూడింటి గురించీ అనుభవం మీదే చెబుతున్నాను.

కొనేటప్పుడు ఆఫీసులో మనవాళ్లందరూ ఒకటే మాట: టొయోటా కామ్రీ తీసుకో, లేదంటే హోండా అకార్డ్ తీసుకో, అమ్మేటప్పుడు డబ్బు పోదు. అది తప్పు మాటేమీ కాదు. కానీ అమ్మేవాడికి పోయే డబ్బు సెకండ్ హ్యాండ్‌లో కొనేవాడికి కలిసొస్తుంది కదా. కొత్తగా ఉన్నప్పుడు 36 వేల డాలర్ల పైచిలుకు పలికిన బండి మూడేళ్లకే నాకు 17,400 డాలర్లకు వచ్చింది. అదే డబ్బుకు నాలుగు సిలిండర్ల కామ్రీలు కూడా చూశాను. ఆ డబ్బుకు నాకు వాటిలో లెదర్ సీట్లు లేవు, ఎండాకాలంలో వీపు కిందనుంచి చల్లగాలి వచ్చే సీట్లు అసలే లేవు. టెక్సాస్ జులైలో ఆ గాలి విలువేమిటో ఇక్కడ ఉండేవాళ్లకు చెప్పక్కర్లేదు. పైగా ఇది ఆషామాషీ బండి కాదు. 2013లో కన్స్యూమర్ రిపోర్ట్స్ పత్రిక ఇదే తరం ఇంపాలాకు 100కు 95 ఇచ్చి సెడాన్లన్నిటిలో మొదటి స్థానంలో పెట్టింది. అంతకుముందు కనీసం 20 ఏళ్లుగా ఏ అమెరికన్ సెడాన్‌కూ ఆ స్థానం దక్కలేదు.

ఇక వెనక సీటు. కాళ్ల దగ్గర చోటు ఇంపాలాలో 39.8 అంగుళాలు, 300లో 40.1, టారస్‌లో 38.1. కాగితం మీద మొదటి రెండూ సమానమే, కానీ కూర్చుంటే తేడా తెలుస్తుంది. 300 వెనక చక్రాలతో నడిచే బండి కనుక ఇంజిన్ నుంచి వెనక్కి షాఫ్ట్ వెళ్లాలి, దాని కోసం మధ్యలో నేల ఎత్తుగా లేచి ఉంటుంది. ఇద్దరు కూర్చుంటే రాజభోగం. మూడోవాళ్లు మాత్రం ఆ దిమ్మెకు అటో కాలు ఇటో కాలు పెట్టుకోవాలి. ఇంపాలా ముందు చక్రాలతో నడుస్తుంది, మధ్యలో ఎత్తు చాలా తక్కువ. మా అబ్బాయి మధ్యలో, అమ్మానాన్న అటూ ఇటూ కూర్చుని ఎన్ని వందల మైళ్లు తిరిగారో.

అమ్మకు రెండు మోకాళ్లకూ ఆపరేషన్ అయింది. మా అన్నయ్య ఎస్‌యూవీ ఎక్కాలంటే ఒక కాలు ఎత్తి పెట్టి, పైన పిడి పట్టుకుని ఒళ్లంతా పైకి లాక్కోవాలి. ఇంపాలా దగ్గర అలా కాదు. తలుపు తీసి, సీటు వైపు వీపు తిప్పి, కుర్చీలో కూర్చున్నట్టే అంచు మీద కూర్చుంటుంది. తర్వాత చీర కుచ్చిళ్లు ఒక చేత్తో పట్టుకుని ముందు ఎడమకాలు, ఆ వెనక కుడికాలు లోపలికి తెచ్చుకుంటుంది. ఎవరి సాయమూ అక్కర్లేదు. 300లో తలుపు పెద్దదే, సీటు మెత్తగానే ఉంటుంది, కానీ ఆమె ఎత్తుకు కాస్త లోతు. దిగేటప్పుడు నేను చెయ్యి అందించాలి. ఇలాంటివి ఏ బ్రోషర్‌లోనూ రాయరు, అమ్మానాన్న ఆరేసి నెలలు వచ్చి ఉండే ఇళ్లకు మాత్రం ఇవే ముఖ్యం.

టారస్ నన్ను నిరాశపరిచింది ఇక్కడే. బయటికి మూడింటిలోకీ పొడవైన బండి, 202.9 అంగుళాలు. లోపల కూర్చుంటే ఆ పెద్దరికం కనిపించదు. తలుపులు లావు, కిటికీలు ఎత్తులో మొదలవుతాయి, మధ్యలో కన్సోల్ గోడలా వెడల్పుగా ఉంటుంది. డ్రైవింగ్‌లో నా కుడి మోకాలు దానికి ఆనుకునే ఉండేది. వెనక కూర్చున్న అమ్మ "బయటేమీ కనపడట్లేదురా" అంది. కానీ డిక్కీ విషయంలో దాన్ని మించింది లేదు, 20.1 ఘనపుటడుగులు. ఇంపాలాది 18.8, 300ది 16.3. డాలస్ డీఎఫ్‌డబ్ల్యూ ఎయిర్‌పోర్టు నుంచి ఇద్దరి సామాను తేవాలంటే ఈ లెక్కలు కావాలి. ఒక్కొక్కటి 23 కిలోల పెద్ద సూట్‌కేసులు ఇంపాలాలో మూడు, వాటి పక్కన చిన్న బ్యాగులు పట్టాయి. నాలుగోది వెనక సీటు మీదికి వచ్చింది. టారస్‌లో నాలుగూ డిక్కీలోనే సర్దాం.

రోడ్డు మీద మెత్తదనం గురించి కొంచెం వివరంగా చెప్పాలి. టెక్సాస్ హైవేలు చాలాచోట్ల కాంక్రీట్‌వి. ఆ పలకల మధ్య అతుకులు ఉంటాయి. 70 మైళ్ల వేగంలో ప్రతి అతుకూ టక్, టక్ అని ఒక తాళంలా వినిపిస్తుంది. ఇంపాలాలో ఆ చప్పుడు దూరంగా, గోడ అవతలనుంచి వచ్చినట్టు ఉంటుంది. ముందు అద్దాలకు శబ్దాన్ని ఆపే పొరల గాజు, తలుపులకు మూడు వరుసల రబ్బరు సీల్ పెట్టారు. లోపల మామూలు గొంతుతో మాట్లాడుకోవచ్చు, వెనకనుంచి అమ్మ అడిగేది నాకు ఒక్కసారికే వినిపిస్తుంది. మా 300ఎస్‌కు 20 అంగుళాల చక్రాలు, స్పోర్ట్ సస్పెన్షన్. అదే అతుకు దాంట్లో చెవికి కాదు, కూర్చున్నచోట తగులుతుంది. ఇది 300 తప్పు కాదు, మేం తీసుకున్న రకం అలాంటిది. చూడ్డానికి నల్ల చక్రాలు బాగున్నాయని తీసుకున్నాం. చిన్న చక్రాల 300 లిమిటెడ్‌ను ఒక స్నేహితుడి దగ్గర నడిపాను, అది పడవలా సాగుతుంది. ఒకే బండి, చక్రాలూ సస్పెన్షనూ మారితే ఇంత తేడా. 300 కొనాలనుకునేవాళ్లు ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి.

నడిపే ఆనందం మాటకొస్తే 300దే పైచెయ్యి. ఇంపాలా 3.6 లీటర్ల ఇంజిన్‌ది 305 హార్స్‌పవర్, మా 300ఎస్‌ది 300. అంకెల్లో ఏమీ తేడా లేదు. కానీ ఇంపాలాలో ఆ శక్తంతా ముందు చక్రాలకే వెళ్తుంది, తిప్పే పనీ లాగే పనీ రెండూ వాటివే. ఎల్‌బీజే ఫ్రీవే మీదికి ఎక్కేటప్పుడు గట్టిగా తొక్కితే స్టీరింగు చేతిలో కాస్త లాగుతుంది. 300లో వెనక చక్రాలు నెడతాయి, ముందువి తిరుగుతాయి, స్టీరింగు ప్రశాంతంగా ఉంటుంది. 8 గేర్ల ఆటోమేటిక్ ఎప్పుడు గేరు మార్చిందో కూడా తెలియదు. ఇంపాలాది 6 గేర్లే. ఇంకా శక్తి కావాలంటే 300సీ అనే రకంలో 363 హార్స్‌పవర్ హెమీ వి8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజిన్ దొరికేది, మాకు ఆ అవసరం రాలేదు.

ఎస్‌హెచ్‌ఓ సంగతి వేరు. 3.5 లీటర్ల వి6, రెండు టర్బోలు, 365 హార్స్‌పవర్, నాలుగు చక్రాలకూ శక్తి. పెడల్ మీద కాలు ఆనిస్తే చాలు, పక్క లేన్‌లోవాళ్లు అద్దంలోకి వెళ్లిపోతారు. కానీ 4,300 పౌండ్లకు పైబడిన బరువు, మలుపుల్లో అది తెలుస్తూనే ఉంటుంది. దూరప్రయాణానికి దాని ముందు సీట్లు మాత్రం మూడింటిలోకీ గొప్పవి, నడుముకు మసాజ్ కూడా చేస్తాయి. బావగారు ఆ బండిని వదలకపోవడానికి అదే కారణమంటారు.

2021 ఫిబ్రవరి మంచు తుఫానులో ఈ తేడాలన్నీ తలకిందులయ్యాయి. మా కాలనీ రోడ్లు గాజు పలకల్లా ఉన్నాయి. వెనక చక్రాల 300ను గరాజ్ నుంచి బయటికే తీయలేదు. పాలకూ మందులకూ ఇంపాలానే మెల్లగా నడిపాను, ఇంజిన్ బరువు ముందు చక్రాల మీద ఉంటుంది కనుక కాస్త పట్టు దొరికింది. ఆ నాలుగు రోజులూ మా వీధిలో ధైర్యంగా తిరిగింది బావగారి టారస్ ఒక్కటే.

ఇంపాలాలో మాకందరికీ ఇష్టమైన చిన్న ఏర్పాటొకటి చెప్పాలి. మీట నొక్కితే 8 అంగుళాల తెర దానంతటదే పైకి జరుగుతుంది, దాని వెనక చిన్న అర. పిన్ నంబర్ పెట్టి తాళం వేయొచ్చు. అమ్మావాళ్ల పాస్‌పోర్టులు ఎన్ని ఊళ్లలో ఆ అరలో భద్రంగా ఉన్నాయో. లోటు ఏమిటంటే 2014 మోడల్‌లో కార్‌ప్లే (ఐఫోన్‌లోని మ్యాపులూ పాటలూ బండి తెర మీద చూపేది) లేదు. ఇంపాలాలో 2016 మోడల్ నుంచీ, 300లో 2017 నుంచీ వచ్చింది. ఫోను కోసం డాష్‌బోర్డు మీద స్టాండు పెట్టుకున్నాం. వెనక్కి తీసేటప్పుడు ఇంపాలా డిక్కీ ఎత్తు వల్ల కెమెరా లేకుండా ఏమీ కనపడదు, అదొకటి అలవాటు చేసుకోవాలి.

ఖర్చు. ఎనిమిదేళ్లలో ఇంపాలాకు టైర్లు రెండుసార్లు, ముందు బ్రేకులు రెండుసార్లు, బ్యాటరీ రెండుసార్లు. ఇక్కడి ఎండకు బ్యాటరీలు నాలుగేళ్లు ఉంటే గొప్ప. 97,500 మైళ్ల దగ్గర స్పార్క్ ప్లగ్గులు మార్చాలి, మార్పించాను. టైమింగ్‌కు బెల్టు కాదు, చైను, కాబట్టి గడువు పెట్టుకుని మార్చే పని లేదు. ఒకే ఒక్క టెన్షన్ 2020లో: ఊళ్లో ఒక చోట ఆయిల్ మార్పించుకుని వచ్చిన మర్నాడు గరాజ్ నేల మీద అరచేయంత ఆయిల్ మరక. కింద పడుకుని చూస్తే, ఆయిల్ దించే బిరడా పూర్తిగా బిగించలేదు. ఇంజిన్‌కు ఏమీ కాలేదు, కానీ ఆ రోజు నుంచి ఆయిల్ నేనే మారుస్తున్నాను.

గ్యాస్ (పెట్రోలు) మామూలు 87 ఆక్టేన్‌ది చాలు. హైవే మీద గ్యాలన్‌కు 29 మైళ్లు, ఊళ్లో 19. మా 300 కూడా అటూ ఇటూగా అంతే ఇస్తుంది. టారస్ ఎస్‌హెచ్‌ఓ అన్నీ కలిపి 20 దాటించడం కష్టం. టారస్ కొనేవాళ్లకు ఇంకో మాట: దాని 3.5 వి6లో వాటర్ పంపు ఇంజిన్ లోపల టైమింగ్ చైన్‌తో తిరుగుతుంది. బయట ఉండే పంపు మార్చడం చిన్న పని, దీనికి మాత్రం ఇంజిన్ ముందు భాగమంతా విప్పాలి. కొనే ముందు తెలిసిన మెకానిక్‌కు ఒకసారి చూపించండి.

బాధ కలిగించేది ఏమిటంటే ఇవేవీ ఇప్పుడు అమెరికాలో కొత్తవి దొరకవు. టారస్ 2019 మార్చిలో, ఇంపాలా 2020 ఫిబ్రవరిలో, 300 2023 డిసెంబరులో ఆగిపోయాయి. 1965లో ఒక్క ఏడాదిలోనే పది లక్షలకు పైగా అమ్ముడైన పేరు ఇంపాలాది. 1992 నుంచి 1996 దాకా వరుసగా అమెరికాలో అన్నిటికంటే ఎక్కువ అమ్ముడైన కారు టారస్. జనం ఎస్‌యూవీల వైపు వెళ్లిపోయారు. జపాన్ పేరే అయినా కెంటకీలోని జార్జ్‌టౌన్‌లో తయారైన టొయోటా అవలాన్ కూడా 2022తో సరి. అన్నట్టు, మన్నిక ఒక్కటే చాలనుకుంటే ఆ అవలాన్ చూడండి. దాని ధర అంతగా పడదు, అంతే.

ఇవాళ నన్ను అడిగితే 2018 నుంచి 2020 దాకా వచ్చిన ఇంపాలా ప్రీమియర్ వి6 చెబుతాను. 2017 నుంచి ఎల్‌టీజెడ్ పేరు ప్రీమియర్‌గా మారింది. నాలుగు సిలిండర్లది వద్దు. ఇంత బరువైన బండిని 200 హార్స్‌పవర్ కూడా లేని ఇంజిన్‌తో లాగించడం దానికీ కష్టం, మనకూ చిరాకు. ఇంట్లో ఇద్దరే ఉంటే, డ్రైవింగ్ ఇష్టమైతే, చిన్న చక్రాల 300 లిమిటెడ్. సామాను, మంచు, వేగం మూడూ కావాలంటే టారస్ ఎస్‌హెచ్‌ఓ, కానీ ముందు అందులో కూర్చుని మోకాలు ఎక్కడ తగులుతుందో చూసుకోండి.

మా ఇంపాలాకు ఈమధ్య ఒక డీలరు 6 వేలు ఇస్తానన్నాడు. ఇవ్వలేదు. వచ్చే నెల 14న అమ్మానాన్న మళ్లీ వస్తున్నారు. ఈ శనివారం నాలుగు టైర్లూ కొత్తవి వేయిస్తున్నాను.