ఆర్డునో స్టార్టర్ కిట్: డబ్బాలో ఏముంది, ఏం లేదు

తొమ్మిదీ పదీ చదివే పిల్లలకు సైన్స్ ఫెయిర్ పిచ్చి పట్టిందంటే ఇంటికి ముందుగా వచ్చేది ఆర్డునో ఊనో స్టార్టర్ కిట్టే: ప్రోగ్రాం రాసి నడిపించే చిన్న సర్క్యూట్ బోర్డు, దానికి తగిలించే సెన్సార్లూ మోటార్లూ తీగలూ. బోర్డు డిజైను ఎవరైనా వాడుకునేలా బహిరంగంగా పెట్టారు. అందుకే హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలోనూ ఆన్‌లైన్‌లోనూ పదిహేను వందలకు అటూ ఇటూగా దొరికే కిట్లలో దాదాపు ఎప్పుడూ ఉండేది నకలు బోర్డే. అందులో మోసమేమీ లేదు, స్కూలు పనికి అది చాలు.

కొనొచ్చా అంటే కొనొచ్చు. కాకపోతే దాంతో వచ్చే పుస్తకంలో ఉన్నవి అభ్యాసాలు మాత్రమే, ప్రాజెక్టులు కావు. మూత దానంతటదే తెరుచుకునే చెత్తబుట్ట, చూపులేనివారి చేతికర్ర, తనే నీళ్ళు పోసుకునే మొక్క: ఏ జిల్లా ప్రదర్శనకు వెళ్ళినా వరసగా అవే బల్లలు. జడ్జి అడిగేది ఒకటే, "ఇందులో నువ్వు చేసిందేమిటి?" ఆ ప్రశ్నకు జవాబు డబ్బాలో దొరకదు. జవాబు వెతుక్కోవడానికి కావలసిన సామాను మాత్రం చాలావరకు దొరుకుతుంది.

ముందు బోర్డు సంగతి. రెండు రకాల నకళ్ళు వస్తాయి. ఒకదాంట్లో చిప్పు చిన్న చదరంగా బోర్డుకే అతికి ఉంటుంది. ఇంకోదాంట్లో 28 కాళ్ళ పొడుగాటి చిప్పు సాకెట్లో కూర్చుని ఉంటుంది. రెండోదే అడిగి తీసుకోండి, కాలిపోతే చిప్పు ఒక్కటే మార్చుకోవచ్చు. కాలడానికి కారణం తొంభై పాళ్ళు ఈ రెండిట్లో ఒకటి: రెసిస్టర్ (కరెంటును అదుపులో ఉంచే చిన్న భాగం) లేకుండా ఎల్ఈడీ పెట్టడం, లేదా పిన్ను నుంచి నేరుగా మోటారు తిప్పాలని చూడటం. ఒక్కో పిన్ను నుంచి 20 మిల్లీయాంపులు తీసుకుంటే క్షేమం, 40 దాటితే చిప్పు మీద ఆశ వదులుకోవాల్సిందే.

కంప్యూటరుకు తగిలించినా పోర్టు కనబడలేదా? నకలు బోర్డుల్లో యూఎస్‌బీ పని చూసేది ఎక్కువగా సీహెచ్340 అనే చిప్పు, కొన్ని కంప్యూటర్లలో దాని డ్రైవర్ విడిగా వేసుకోవాలి. డ్రైవర్ ఉన్నా కనబడకపోతే కేబులు మార్చి చూడండి. ఛార్జింగుకు మాత్రమే పనికొచ్చే కేబుల్లో డేటా తీగలు ఉండవు. పోర్టు కనబడుతున్నా ప్రోగ్రాం ఎక్కకపోతే 0, 1 పిన్నుల్లో ఏదైనా గుచ్చి ఉందేమో చూడండి. కంప్యూటరుతో బోర్డు మాట్లాడేది ఆ రెండిటి మీదే.

రెసిస్టర్ల దగ్గర పిల్లలు తికమకపడటం వాళ్ళ తప్పు కాదు. పుస్తకంలో నాలుగు గీతల బొమ్మ ఉంటుంది, 220 ఓములంటే మొదటి మూడు ఎరుపు, ఎరుపు, గోధుమ. సంచిలో ఉన్నవేమో నీలం రంగువి, ఐదు గీతలవి. వాటిమీద అదే 220 ఎరుపు, ఎరుపు, నలుపు, నలుపు అని మొదలవుతుంది. ఓములూ వోల్టులూ కొలిచే మల్టీమీటరు కిట్లో ఉండదు, ఇందుకోసమైనా ఒకటి కొనాలి. సర్వో (చెప్పిన కోణానికి తిరిగే బుల్లి మోటారు) బదులు అదే ఇచ్చి ఉంటే బాగుండేది.

సర్వో తిరిగినప్పుడల్లా బోర్డు మళ్ళీ మొదటినుంచి మొదలవుతోందంటే ప్రోగ్రాంలో తప్పు వెతకొద్దు. ఆ 9 గ్రాముల మోటారు కదిలే క్షణంలో లాగే కరెంటుకు 5 వోల్టులు కిందికి జారి, చిప్పు రీసెట్ అవుతుంది. కిట్లో ఇచ్చే 9 వోల్టుల చదరపు బ్యాటరీ ఇందుకు అసలు పనికిరాదు, పెద్ద కరెంటు ఇవ్వలేదు. నాలుగు డబుల్ ఏ సెల్లుల డబ్బా నుంచి సర్వోకు విడిగా కరెంటు ఇచ్చి, ఆ డబ్బా గ్రౌండును, అంటే మైనస్ తీగను, బోర్డు గ్రౌండుతో కలపాలి. ఆ గ్రౌండు కలపడం మర్చిపోతే సర్వో వణుకుతూ కూర్చుంటుంది.

మట్టి తేమ సెన్సారు ఈ కిట్లో అన్నిటికంటే నాసి వస్తువు. రెండు కాళ్ళ మధ్య ఎప్పుడూ కరెంటు పారుతుంటే విద్యుద్విశ్లేషణ జరిగి, కొద్ది వారాల్లో ఒక కాలి రాగిపూత పచ్చబడి రాలిపోతుంది, రీడింగు రోజురోజుకీ తప్పుతుంది. మందు సులువే. దాని వీసీసీని (కరెంటు తీసుకునే పిన్నును) 5 వోల్టులకు కాక 7వ పిన్నుకు కలపండి. అరగంటకోసారి పిన్ను ఆన్ చేసి, 100 మిల్లీసెకన్లు ఆగి, చదివి, ఆపేయండి. మట్టి ఎండితే అంకె పెరిగి 1023 వైపు పోతుంది, తడిస్తే తగ్గుతుంది. తలకిందులుగా ఉందని కంగారు పడక్కర్లేదు. లోహం మట్టికి తగలని కెపాసిటివ్ రకం కొనుక్కుంటే ఈ తుప్పు గొడవే ఉండదు.

కిట్లో అసలు విలువైనది అల్ట్రాసోనిక్ సెన్సారు, హెచ్‌సీ-ఎస్ఆర్04. మనకు వినబడని ధ్వని పంపి, అది తగిలి తిరిగొచ్చే సమయాన్నిబట్టి దూరం చెబుతుంది. ఇంటి మీది ట్యాంకులో నీళ్ళెంత ఉన్నాయో చూపే పరికరం దీంతో ఒక సాయంత్రంలో అయిపోతుంది: ధ్వని పంపమని చెప్పే ట్రిగ్ పిన్నుకు 10 మైక్రోసెకన్ల పల్స్, ఎకో (ప్రతిధ్వని) తిరిగొచ్చిన మైక్రోసెకన్లను 58తో భాగిస్తే సెంటీమీటర్లు. అందరూ ఆగేది అక్కడే. కానీ ఆ 58 అనేది దాదాపు 20 డిగ్రీల చలికాలపు అంకె, అప్పుడు ధ్వని వేగం సెకనుకు 343 మీటర్లు. మే నెలలో ట్యాంకులో గాలి 40 డిగ్రీలుంటే వేగం 355 దాకా పోతుంది. నీళ్ళు నిజంగా 150 సెంటీమీటర్ల లోతున ఉంటే సెన్సారు 145, 146 అంటుంది. అదే డబ్బాలో డీహెచ్‌టీ11 ఉంది, ఉష్ణోగ్రత చెప్పేది. డిగ్రీలను 0.6తో గుణించి 331 కలిపితే అప్పటి వేగం వస్తుంది, దాంతో లెక్క కట్టండి. డీహెచ్‌టీ11 రెండు డిగ్రీలు అటూ ఇటూ చెప్పే సరుకే అయినా దానివల్ల వచ్చే తేడా అర సెంటీమీటరే. పొద్దున ఆరింటికి, మధ్యాహ్నం రెండింటికి టేపుతో కొలిచి, సవరించకముందు ఒక గడి, సవరించాక ఒక గడి, ముప్పై వరసల పట్టిక వేస్తే జడ్జి ప్రశ్నకు జవాబు దొరికినట్టే. సెన్సారు కళ్ళమీద నీటి ఆవిరి చేరితే రీడింగు పిచ్చిగా ఎగురుతుంది. నీటిమట్టం ఎంత పైకొచ్చినా కనీసం 20 సెంటీమీటర్ల ఎడం ఉండేలా, పక్క గోడకు దూరంగా బిగించాలి.

రిలే, అంటే పంపు లాంటివాటిని బోర్డు చెప్పినట్టు ఆన్, ఆఫ్ చేసే స్విచ్చు, దాని విషయంలో ఒక్కటే జాగ్రత్త, అది పెద్దది. చాలా రిలే బోర్డులు పిన్ను 'లో' (0 వోల్టులు) అయితే ఆన్ అవుతాయి. ప్రోగ్రాంలో ముందు పిన్నును 'హై' (5 వోల్టులు) చేసి, ఆ తరవాత అవుట్‌పుట్‌గా ప్రకటిస్తే కరెంటు ఇచ్చిన క్షణాన పంపు దానంతటదే తిరగదు. 230 వోల్టుల మోటారును మాత్రం పిల్లల చేత కలిపించొద్దు. ప్రదర్శనకు బకెట్టూ 5 వోల్టుల బుల్లి పంపూ చాలు.

ఎల్‌సీడీ తెర వెలుగుతుందిగానీ అక్షరాలు రావా? వెనక నీలం డబ్బామీది స్క్రూ మెల్లగా తిప్పండి. అప్పటికీ రాకపోతే ప్రోగ్రాంలో అడ్రసు 0x27 బదులు 0x3F వేసి చూడండి.

కొనేముందు టింకర్‌క్యాడ్ అనే వెబ్‌సైట్లో ఇందులో చాలావరకు ఉచితంగా తెరమీదే కలిపి చూడొచ్చు. బడిలో అటల్ టింకరింగ్ ల్యాబ్ (కేంద్ర ప్రభుత్వ సాయంతో పెట్టిన ప్రయోగాల గది) ఉంటే అసలు కొననే అక్కర్లేకపోవచ్చు, తాళంచెవి ఎవరి దగ్గరుందో కనుక్కోవడమే అందులో కష్టం. కేంద్ర ప్రభుత్వ పథకం ఇన్‌స్పైర్ మానక్‌కు బడి తరఫున ఆలోచన ఎంపికైతే నమూనా చేయడానికి 10 వేల రూపాయలు విద్యార్థి ఖాతాలోనే పడతాయి. అందుకని మొదటి కిట్టుకే ఎక్కువ పెట్టొద్దు. ముప్పై ఏడు సెన్సార్ల పెద్ద పెట్టెలో ముప్పై వాటిని ఎవరూ ముట్టుకోరు.

కిట్టుతోపాటు ఒక లాంగ్ నోట్‌బుక్ కొనండి. తేదీ, ఏం మార్చారు, ఏమైంది, ఇంతే రాయాలి. ఒకసారికి ఒక్కటే మార్చాలి. తీగా ప్రోగ్రామూ ఒకేసారి మార్చిన పిల్లలు ఏది బాగుచేసిందో తెలియక వారానికే విసిగిపోతారు.

ప్రదర్శనకు బ్రెడ్‌బోర్డుతో (తీగలు గుచ్చే చిల్లుల పలకతో) వెళ్ళొద్దు. ఆటోలో రెండు గతుకులకే జంపర్ వైర్లు ఊడతాయి. జీరో పీసీబీ (చిల్లులున్న ఖాళీ సర్క్యూట్ బోర్డు) మీద సోల్డర్ చేసి, సెన్సార్లకు మాత్రం గుచ్చి తీయడానికి వీలైన సాకెట్లు, ఫిమేల్ హెడర్లు, పెట్టండి. ఇంకో అల్ట్రాసోనిక్ సెన్సారు విడిగా కొని సంచిలో వేసుకుంటే, బల్ల దగ్గర మొదటిది మొండికేసినా అర నిమిషంలో మార్చేయొచ్చు.