పాత బౌలింగ్ బంతికి డ్రిల్లింగ్ కొలతలు: తయారీదారు కాగితాలా, బంతి మీది రంధ్రాలా, తక్కెడా? ఏది మేలు?

అమెరికాలో కొన్నేళ్లు ఉండి వచ్చి బెంగళూరులోని వైట్‌ఫీల్డ్, మారతహళ్లి ప్రాంతాలలో స్థిరపడిన తెలుగు కుటుంబాల సామానులో అప్పుడప్పుడు ఒక పాత బౌలింగ్ బంతి, అంటే దొర్లించి పిన్నులను పడగొట్టే ఆటకు వాడే బరువైన బంతి, కూడా ఉంటుంది. పదహారు పౌండ్ల బంతి అంటే 7.26 కిలోలు, 23 కిలోల విమానపు పెట్టెలో దాదాపు మూడో వంతు దానికే కేటాయించి తెచ్చారంటే ఆ బంతిని అటక మీద ఉంచడానికి తెచ్చి ఉండరు. చర్చ్ స్ట్రీట్‌లోని అమీబా వంటి బౌలింగ్ కేంద్రంలో దానిని మళ్లీ ఆడించాలంటే, వేళ్లు పెట్టి పట్టుకునే పాత రంధ్రాలను పూడ్చి, కొత్త చేతికి తగినట్టు వేయించాలి. ఆ పనికి కావలసిన సమాచారాన్ని తయారీ సంస్థ పాత కాగితాలలో వెతకడం, బంతి మీద ఉన్న రంధ్రాలనే కొలవడం, బంతిని తక్కెడ మీద పెట్టి లోపలి బరువు ఎటు ఉందో చూడడం అనే మూడు దారులలో ఏదో ఒకదానితో, లేదా రెండింటిని కలిపి సంపాదించాలి.

చాలామంది మొదటి దారి మీదే ఎక్కువ కాలం వెచ్చిస్తారు. నా అభిప్రాయంలో అది మూడింటిలోనూ తక్కువ ఫలమిచ్చేది. డ్రిల్లింగ్ సమాచారంలో నిజానికి రెండు భాగాలు ఉంటాయి. బొటనవేలి రంధ్రం నుంచి మధ్యవేలు, ఉంగరపు వేలు రంధ్రాలకు ఉండే దూరం, అంటే స్పాన్. రంధ్రం ఎటు వాలి ఉందో చెప్పే పిచ్. రంధ్రపు వ్యాసం: ఇవన్నీ ఆటగాడి చేతికి చెందినవి. లోపలి బరువు దిమ్మకు ఆ మూడు రంధ్రాలు ఎక్కడ పడాలన్నది మాత్రమే బంతికి చెందినది. తయారీ సంస్థ ఎంత గొప్పదైనా మీ చేతి కొలత దాని కాగితాలలో ఉండదు. పైగా సంస్థలే చేతులు మారాయి: కొలంబియా 300, హ్యామర్, ట్రాక్ వంటి పేర్లు మొదట ఎబొనైట్ కిందికి చేరాయి, ఎబొనైట్ 2019 నవంబరులో బ్రన్స్‌విక్ చేతికి వచ్చింది. పాత బంతి అసలు బరువు, పై బరువు (సంస్థ ముద్ర ఉన్న సగం కింది సగం కన్నా ఎంత ఎక్కువ తూగుతుందో) ఎంతో అది వచ్చిన అట్టపెట్టె మీద రాసి ఉండేవి. ఆ పెట్టె ఎన్నడో పోయి ఉంటుంది.

ఆ కాగితం దొరికినా అది చెప్పగలిగేది స్వల్పమే. 1960ల నుంచి 1980ల వరకు వచ్చిన పాలియెస్టర్ బంతులలోను, 1981లో ఏఎంఎఫ్ సంస్థ యాంగిల్ బంతితో మొదలైన యూరథేన్ బంతులలో అధిక భాగంలోను లోపల ఉండేది పైపొర, నింపుడు పదార్థం, సంస్థ ముద్ర కిందుగా అట్టులా పరచిన చిన్న దిమ్మ. రంధ్రాలు వేసినప్పుడు పోయే బరువును భర్తీ చేయడమే ఆ దిమ్మ పని. కొలంబియా 300 ఎల్లో డాట్ వంటి బంతిలో రంధ్రాలను ఒక అంగుళం అటో ఇటో జరిపినా లేన్ (బంతిని దొర్లించే బాట) మీద దాని నడక పెద్దగా మారదు. పైపొర గరుకుతనాన్ని మార్చితే అంతకన్నా ఎక్కువ తేడా కనిపిస్తుంది.

అందుచేత బంతి మీది రంధ్రాలను కొలవడమే మేలు. దానికి స్పాన్ కొలిచే వంపు స్కేలు, పిచ్ గేజ్ చాలు. రంధ్రపు నడిగీత సూటిగా బంతి కేంద్రానికి పోతే దానిని జీరో పిచ్ అంటారు. అరచేతి వైపుకు వాలితే ఫార్వర్డ్ పిచ్, దానితో పట్టు బిగుస్తుంది. బయటికి వాలితే రివర్స్ పిచ్, బొటనవేలు త్వరగా జారుతుంది. ఈ వాలును 1/8 అంగుళం వంటి భిన్నాలలో రాసుకుంటారు. పాత యజమాని చేయి మీ చేయి కాకపోయినా ఈ కొలతలు వృథా కావు: ఆ బంతిని చేతిలోకి తీసుకున్నప్పుడు మీ వేలికి ఎక్కడ ఒరుసుకుందో, ఎక్కడ వదులైందో చెప్పగలిగితే, డ్రిల్లర్ ఆ అంకెల నుంచి మొదలుపెట్టి దిద్దుకుంటూ పోవచ్చు. మీరు ఇప్పుడు ఆడుతున్న సొంత బంతి ఉంటే దానినీ వెంట తీసుకువెళ్లి ఆ కొలతలనే పాత బంతికి వేయించడం మరింత క్షేమం. అయితే ఒక చిక్కు ఉంది. ఇప్పటి బంతులలో వేళ్ల రంధ్రాలకు మెత్తని ఇన్సర్ట్‌లు దిగవేస్తారు, వాటికి 31/32 అంగుళాల రంధ్రం తవ్వడం మామూలు. పాత బంతిలో అవి లేకపోవచ్చు. ఒకదానిలో ఇన్సర్ట్ అంచు నుంచి, మరొకదానిలో రంధ్రపు అంచు నుంచి స్పాన్ కొలిస్తే లెక్క తప్పి, ఆ తప్పు బొటనవేలి బొబ్బగా బయటపడుతుంది.

కొలిచేటప్పుడే బంతి మీద, లేన్ మీద దొర్లి దొర్లి పడిన వలయాకారపు గీతలు ఎటు ఉన్నాయో చూడాలి. వేళ్ల రంధ్రాలు పైకి, బొటనవేలి రంధ్రం కిందికి ఉండేలా పట్టుకున్నప్పుడు ఆ అరుగుదల ఎడమ పక్కన ఉంటే పాత యజమాని చాలావరకు కుడిచేతి వాటం మనిషే. రెండు వేళ్ల రంధ్రాల నడుమ ఉండే సన్నని గోడలో పగులు ఉందేమో కూడా అప్పుడే చూసుకోవాలి. పగులు ఉంటే ఇక కొలతల గొడవే లేదు, అది అలమారలో ఉండవలసిన బంతి.

మూడో దారి తక్కెడ. ప్రో షాపులలో, అంటే బౌలింగ్ బంతులు అమ్మి రంధ్రాలు వేసే దుకాణాలలో, డోడో స్కేల్ అనే తక్కెడ ఉంటుంది, బంతిని ఒకసారి ఒక పక్కకు, మళ్లీ తిప్పి మరో పక్కకు ఉంచి తేడా చూస్తారు. అది అందుబాటులో లేనివారికి ఉప్పునీటిలో తేల్చి బరువైన పక్కను కనిపెట్టే ఇంటి చిట్కాను కొందరు సూచిస్తారు. బంతి వ్యాసం సుమారు 21.8 సెంటీమీటర్లు కనుక పన్నెండు పౌండ్లకు లోపు ఉన్నది మామూలు నీటిలోనే తేలుతుంది, ఇక ఉప్పు కరగనంతగా కలిపిన నీటిలో పద్నాలుగు పౌండ్ల బంతి తేలుతుంది, పదహారు పౌండ్లది మాత్రం ఎంత ఉప్పు వేసినా అడుగునే కూర్చుంటుంది. తేలినా అది చూపేది రంధ్రాలు తవ్విన తరువాతి బరువునే తప్ప దిమ్మ అసలు స్థానాన్ని కాదు. ఒక్కసారి కూడా రంధ్రం వేయని పాత బంతి దొరికినప్పుడు మాత్రం తక్కెడే ముందు రావాలి, ఎందుకంటే అక్కడ కొలవడానికి రంధ్రాలే ఉండవు.

ఈ వరుస తలకిందులయ్యేది 1990ల తొలినాళ్ల నుంచి వచ్చిన రియాక్టివ్ రెసిన్ బంతుల విషయంలో. వాటిలోని దిమ్మ బంతి నడకనే శాసిస్తుంది, రంగు చుక్కగా కనిపించే పిన్ ఆ దిమ్మ కొసను సూచిస్తుంది. అక్కడ దిమ్మకు రంధ్రాలు ఎక్కడ పడాలో చూపుతూ తయారీదారు ఇచ్చిన పటాన్ని చూడకుండా రంధ్రం వేయడం డబ్బు దండగ.

బెంగళూరులో ఆడే చోట్లతో పోలిస్తే రంధ్రాలు వేసే చోట్లు బాగా తక్కువ. అందుకని పీణ్య పారిశ్రామిక ప్రాంతం వైపు లేత్ పనివారి దగ్గరికి వెళదామని కొందరికి తోస్తుంది. అక్కడి వారికి లోహంలో కచ్చితమైన రంధ్రం వేయడం వెన్నతో పెట్టిన విద్యే, కానీ గుండ్రని బంతిని పగలకుండా పట్టి, పిచ్‌కు తగినంత జరిపి నిలిపే బిగింపు ప్రత్యేకమైనది. అది లేనిచోట మీ దగ్గర ఎంత చక్కని కొలతల కాగితం ఉన్నా ఇవ్వకండి. బంతి మీద నాలుగో రంధ్రం ఉంటే దానినీ పూడ్పించమని ముందుగానే చెప్పండి, ఎందుకంటే బరువు సరిచేసేందుకు వేసే ఆ రంధ్రాన్ని అమెరికా బౌలింగ్ సమాఖ్య యూఎస్‌బీసీ 2020 ఆగస్టు 1 నుంచి తన పోటీలలో నిషేధించింది.