పెళ్లయ్యాక పాస్‌పోర్టులో పేరు మార్పు: పాస్‌పోర్ట్ సేవ ఎలా ఉంది, ఎవరికి అవసరం

ఆధార్‌లో అత్తింటి పేరు, పాస్‌పోర్టులో పుట్టింటి పేరు ఉంటే ఎయిర్‌పోర్టులో ఆపేస్తారా? కొత్తగా పెళ్లయి విదేశీ ప్రయాణం పెట్టుకున్న ఇళ్లలో ముందు వచ్చే ప్రశ్న ఇదే. ఆపరు. అంతర్జాతీయ ప్రయాణానికి లెక్కలోకి వచ్చేవి పాస్‌పోర్టు, వీసా, టికెట్. ఈ మూడింట్లో పేరు ఒకటే అయితే ఆధార్‌లో ఏముంది, పాన్‌లో ఏముంది అని అక్కడ ఎవరూ అడగరు. ఈ ఒక్క సంగతి తెలియక, టికెట్లు కొన్నాక హడావిడిగా పాస్‌పోర్టులో పేరు మార్పించుకోవడానికి పరుగెత్తేవాళ్లు చాలామంది. అసలు చిక్కు మొదలయ్యేది అక్కడే.

విదేశాంగ శాఖ నడిపే పాస్‌పోర్ట్ సేవ మంచి సేవ. ఫీజు ఎంతో ముందే తెలుస్తుంది, ఫైలు ఎక్కడుందో ఫోన్‌లో కనిపిస్తుంది, దళారి అవసరం లేదు. లోపం ఉన్నది ఆన్‌లైన్ ఫారంలో. ఏ గడిలో టిక్ పెడితే ప్రయాణం మీద ఏ ప్రభావం పడుతుందో అది చెప్పదు. అది తెలుసుకుని దరఖాస్తు చేసినవాళ్లకు పని సాఫీగా సాగిపోతుంది.

పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చుకోవాలని మన దేశంలో ఏ చట్టమూ చెప్పదు. పుట్టింటి పేరుతో ఉన్న పాస్‌పోర్టు గడువు తీరేదాకా చెల్లుతుంది. పాస్‌పోర్టును మళ్లీ జారీ చేయించుకోవడాన్ని రీఇష్యూ అంటారు. అందులో 'ఉన్న వివరాల్లో మార్పు' అనే కారణం ఎంచుకుంటే కింద ఏ వివరం మార్చాలో అడుగుతుంది. భార్య లేదా భర్త పేరు చేర్చడం ఒకటి, సొంత ఇంటిపేరు మార్చడం ఇంకొకటి. మొదటిది చేస్తే ఫొటో ఉన్న పేజీలో పేరు మారదు, కుటుంబ వివరాల దగ్గర జీవిత భాగస్వామి పేరు చేరుతుంది. దాంతో వీసాల్లో, సర్టిఫికెట్లలో ఉన్న పేరుతో తేడా రాదు. రెండోది చేస్తే ప్రపంచం దృష్టిలో పేరే మారిపోతుంది. డిపెండెంట్ వీసాకు, అంటే విదేశంలో ఉన్న భర్త లేదా భార్య ఆధారంగా ఇచ్చే వీసాకు వెళ్లేవాళ్లు చాలామంది ఇంటిపేరు మార్చక తప్పదనుకుంటారు. వీసా అధికారికి కావలసింది పెళ్లి జరిగిందన్న రుజువు, అంటే మ్యారేజ్ సర్టిఫికెట్. ఇద్దరి ఇంటిపేర్లు ఒకటి కావాలన్న నియమం లేదు. పైగా పదో తరగతి మెమో నుంచి డిగ్రీ దాకా అన్నీ పుట్టింటి పేరుతోనే ఉంటాయి. అక్కడ చదువో ఉద్యోగమో చూసుకునే ఆలోచన ఉంటే, పాస్‌పోర్టు కూడా అదే పేరుతో ఉండటం ఎంతో మేలు.

ఇంటిపేరు మార్చుకోవాలనే నిర్ణయించుకుంటే సాధారణంగా ముందు కావలసింది రిజిస్టర్డ్ మ్యారేజ్ సర్టిఫికెట్. గుడిలోనో కల్యాణ మండపంలోనో ఇచ్చిన రసీదు దీనికి చాలదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002లోనే వివాహ నమోదు తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చింది, అయినా అవసరం పడేదాకా సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు గుమ్మం తొక్కని జంటలు ఇప్పటికీ ఉన్నాయి. హిందూ వివాహ చట్టం కింద జరిగిన పెళ్లిని తర్వాతైనా నమోదు చేయించుకోవచ్చు. పెళ్లి ఫొటో, శుభలేఖ, వయసు, చిరునామా రుజువులు, సాక్షులు కావాలి. ప్రత్యేక వివాహ చట్టం కిందైతే 30 రోజుల నోటీసు ఉంటుంది కాబట్టి ఆ నెల ముందే లెక్కలో వేసుకోవాలి. సర్టిఫికెట్ చేతికి రాగానే అక్కడే నిలబడి అక్షరం అక్షరం చదవండి. వధువు పేరు పాత పాస్‌పోర్టులో ఎలా ఉందో అలాగే ఉండాలి. పాస్‌పోర్టులో పూర్తి ఇంటిపేరు, సర్టిఫికెట్‌లో ఒక్క పొడి అక్షరం ఉంటే ఇద్దరూ ఒకరేనా అన్న ప్రశ్న అక్కణ్నుంచే పుడుతుంది.

తెలుగువాళ్లకు ప్రత్యేకంగా ఎదురయ్యే ఇబ్బంది ఇదే. మనం ఇంటిపేరు ముందు రాస్తాం, చాలాసార్లు ఒక్క అక్షరంతో సరిపెడతాం. పాస్‌పోర్టు ఫారంలో పొడి అక్షరాలు కుదరవు, పూర్తిగా విప్పి రాయాలి. పైగా 'గివెన్ నేమ్', 'సర్‌నేమ్' అని రెండు వేర్వేరు గడులుంటాయి. ఉదాహరణకు కొల్లి సునీత అన్న అమ్మాయి వేమూరి వారింటి కోడలైతే గివెన్ నేమ్‌లో సునీత, సర్‌నేమ్‌లో వేమూరి రావాలి. కొందరు కొల్లిని వదలడం ఇష్టంలేక గివెన్ నేమ్‌లో సునీత కొల్లి అని పెట్టుకుంటారు. అదీ కుదురుతుంది. కానీ పాస్‌పోర్టు కింది భాగంలో యంత్రం చదివే వరుసలో పేరుకు 39 గడులే ఉంటాయి. గ్రామనామం లాంటి పొడుగు ఇంటిపేరుకు రెండు మూడు పేర్లు తగిలిస్తే అక్కడ తెగిపోతుంది. ఆ తెగిన పేరు వీసాలో ఒకలా, టికెట్‌లో ఇంకోలా ముద్రపడుతుంది.

సర్‌నేమ్ గడి ఖాళీగా వదిలేసిన పాత పాస్‌పోర్టులు మన దగ్గర చాలానే ఉన్నాయి. వీటితో అమెరికా వీసా తీసుకుంటే మొత్తం పేరు సర్‌నేమ్‌లోకి పోయి, అసలు పేరు ఉండాల్సిన చోట 'ఎఫ్ఎన్‌యూ' అని పడుతుంది, అంటే పేరు తెలియదని. అక్కడ డ్రైవింగ్ లైసెన్స్ దాకా అది వెంటాడుతుంది. ఒకే పేరున్న పాస్‌పోర్టులతో విజిట్ వీసా మీద రానివ్వబోమని యూఏఈ 2022 నవంబరులో ప్రకటించింది. ఇలాంటి పాస్‌పోర్టు ఉన్నవాళ్లు మాత్రం పెళ్లి సందర్భంగా సర్‌నేమ్ నింపుకోవడం నిజంగా మంచి పని. పేరు మార్పు అక్కర్లేదని ఇంత గట్టిగా చెబుతున్నా, వీళ్లకు మాత్రం మార్చుకోమనే చెప్పాలి.

ఇంకో సంగతి. కొన్ని ఇళ్లలో పెళ్లయ్యాక అమ్మాయి అసలు పేరు కూడా మారుస్తారు. మ్యారేజ్ సర్టిఫికెట్ ఇంటిపేరు మార్పుకు ఆధారం, అసలు పేరు మార్చడానికి అది చాలదు. దానికి ప్రమాణపత్రం, పత్రికా ప్రకటనలు అవసరమయ్యే పూర్తి పేరు మార్పు పద్ధతి వేరే ఉంది. రెండూ కలిపి ఒకే దరఖాస్తులో పెట్టి, ఇంటిపేరు మార్పుకు సరిపడా కాగితాలే తీసుకెళ్తే ఫైలు ఆగుతుంది.

కాగితాల వరుస కూడా ముఖ్యం: ముందు మ్యారేజ్ సర్టిఫికెట్, తర్వాత ఆధార్, ఆ తర్వాతే పాస్‌పోర్టు. ఆధార్‌లో పేరు జీవితంలో రెండుసార్లే మార్చుకోవచ్చు కాబట్టి స్పెల్లింగ్ ముందే తేల్చుకోండి. పాస్‌పోర్టులో ఏ స్పెల్లింగ్ కావాలో ఆధార్‌లో అదే రాయించాలి.

పాస్‌పోర్టు ఫీజు 36 పేజీలకు 1,500 రూపాయలు, 60 పేజీలకు 2,000. తత్కాల్ కావాలంటే ఇంకో 2,000. ఫారం నింపే ముందు సైట్‌లోనే ఉన్న, ఏ కాగితాలు కావాలో చెప్పే డాక్యుమెంట్ అడ్వైజర్‌లో మీ సందర్భం ఎంచుకుని ఆ జాబితా దగ్గర పెట్టుకోండి. నియమాలు మారుతుంటాయి, పక్కింటివాళ్లు రెండేళ్ల కింద ఏం తీసుకెళ్లారన్నది ప్రమాణం కాదు. అసలు సైట్ చిరునామా చివర 'డాట్ గవ్ డాట్ ఇన్' ఉంటుంది, అది లేని చోట డబ్బు కట్టకండి.

సేవా కేంద్రంలో టోకెన్ తీసుకున్నాక ఏ, బీ, సీ అని మూడు కౌంటర్లు. 'ఏ' కౌంటర్లో కాగితాలు స్కాన్ చేసి, ఫొటో, వేలిముద్రలు తీసుకుంటారు. మొత్తంలో అతి విలువైన నిమిషం ఇదే. తెర మీద పేరు, ఇంటిపేరు, జీవిత భాగస్వామి పేరు చూపిస్తారు. తప్పుంటే అప్పుడే చెప్పాలి, ముద్రించాక సరిదిద్దడమంటే మళ్లీ రీఇష్యూనే. బీలో అసలు కాగితాలు సరిచూస్తారు, సీలో మంజూరు అధికారి తేలుస్తారు. పాత పాస్‌పోర్టును రద్దు ముద్ర వేసి తిరిగి ఇస్తారు. అందులోని వీసాల కోసం దాన్ని భద్రంగా దాచుకోవాలి. ఆ ముద్ర పడ్డ క్షణం నుంచి కొత్త పాస్‌పోర్టు వచ్చేదాకా దేశం దాటలేరు. పోలీసు విచారణ ఉంటే ఇంకొన్ని రోజులు పడుతుంది. ఆ సమయంలో ఫారంలో రాసిన చిరునామాలోనే ఉండాలి. అత్తింటి చిరునామా రాసి పుట్టింట్లో ఉంటే ప్రతికూల నివేదిక వెళ్లే ప్రమాదం ఉంది. పెళ్లయిన కొత్తలో ఇది తరచూ జరిగే పొరపాటు.

అందుకే, టికెట్ కొని ఉంటే, ప్రయాణం రెండు మూడు నెలల్లో ఉంటే, పేరు మార్పు జోలికి పోవద్దు. పుట్టింటి పేరుతోనే వెళ్లిరండి, మ్యారేజ్ సర్టిఫికెట్ కాపీ ఒకటి వెంట ఉంచుకోండి. పేరు మార్చాక పాత పేరుతో కొన్న టికెట్ పనికిరాదు. స్పెల్లింగ్‌లో ఒకటి రెండు అక్షరాలు సరిచేయడానికి ఒప్పుకునే విమానయాన సంస్థలు కూడా ఇంటిపేరు మొత్తం మార్చమంటే చాలాసార్లు కొత్త టికెట్టే కొనమంటాయి. రెండు సంస్థల విమానాలు కలిసిన టికెట్ అయితే మార్పు ఇంకా కష్టం. ఏజెంటు దగ్గర కొంటే పాస్‌పోర్టు ఫొటో పేజీ పంపి, అందులో ఉన్నట్టే రాయమనాలి. పేరు నోటిమాటగా చెప్పకూడదు. టికెట్ మీద పేరు మధ్య ఖాళీలు లేకుండా, చివర 'ఎంఆర్ఎస్' (మిసెస్) అని అతుక్కుని వస్తే కంగారు పడకండి, అది బుకింగ్ పద్ధతే.

వీసాల సంగతి దేశాన్నిబట్టి మారుతుంది. పాత పాస్‌పోర్టులో గడువున్న అమెరికా వీసా ఉంటే, పేరు మారినవాళ్లు కొత్త వీసాకు దరఖాస్తు చేసుకోవడం మంచిదని ఆ దేశ విదేశాంగ శాఖే సూచిస్తుంది. అమెరికా వీసా దరఖాస్తు అయిన డీఎస్-160 ఫారంలో 'ఇంకేమైనా పేర్లు వాడారా' అన్న ప్రశ్నకు పుట్టింటి పేరు తప్పక రాయాలి. బ్రిటన్‌లో ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఉండే ఈ-వీసా కాబట్టి కొత్త పాస్‌పోర్టు నంబరు, కొత్త పేరు అక్కడి ఆన్‌లైన్ ఖాతాలో చేర్చాకే విమానమెక్కాలి. లేకపోతే చెక్ ఇన్ కౌంటర్లో వీసా కనిపించదు. గల్ఫ్‌కు భర్త స్పాన్సర్‌షిప్ మీద వెళ్లేవాళ్లకు పేరు మార్పుకన్నా సర్టిఫికెట్ అటెస్టేషన్, అంటే అది అసలైనదేనని అధికారులతో ధ్రువీకరింపజేయడం, పెద్ద పని, దానికి వారాలు కేటాయించుకోవాలి.

విజయవాడ నుంచో విశాఖ నుంచో బయల్దేరి హైదరాబాద్‌లోనో ఢిల్లీలోనో విమానం మారేవాళ్లకు ఒక సూచన. టికెట్ పాస్‌పోర్టు పేరుతో ఉంటుంది కాబట్టి మొదటి ఎయిర్‌పోర్టు గేటు దగ్గర కూడా పాస్‌పోర్టే చూపించండి. అలవాటుగా ఆధార్ తీస్తే, అందులో ఇంటిపేరు వేరుగా ఉంటే, గేటు దగ్గరే ఆగిపోతారు. ట్రావెల్ ఇన్సూరెన్స్, విదేశీ కరెన్సీ నింపుకునే ఫారెక్స్ కార్డు కూడా పాస్‌పోర్టు పేరుతోనే తీసుకోవాలి. పిల్లలకు పాస్‌పోర్టు తీసేటప్పుడు జనన ధ్రువపత్రంలో తల్లి పేరు ఆమె పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉందో లేదో చూసుకోండి. తేడా ఉంటే పిల్లల దరఖాస్తు పెట్టకముందే మున్సిపల్ ఆఫీసులో సరిచేయించుకోవాలి.